పాత ఇటుక గోడకి సిమెంట్ పాయింటింగ్ చేయిస్తే ఇటుకలే రాలుతున్నాయి

ప్రశ్న:
మాది తాతగారి నాటి సున్నపు గోడ అండి. జాయింట్లు గుల్లబారాయని నాలుగేళ్ల కిందట సిమెంట్‌తో పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు మళ్లీ నింపడం) చేయించాను. ఇప్పుడు సిమెంట్ గీతలు అలాగే నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలు మాత్రం అర అంగుళం లోపలికి పోయాయి. వేలితో గీరితే ఎర్రటి పొడి. మళ్లీ సిమెంటే కొట్టమంటున్నారు. ఏం చేయను?

జవాబు:
వద్దండి బాబూ. గోడలో చేరిన తడి మెత్తటి సున్నం జాయింట్ల గుండా బయటికి పోవాలి. సిమెంట్ ఆ దారి మూసేసింది. ఇప్పుడు తడి ఇటుకలోంచి వస్తూ ఉప్పుని వెంట తెస్తోంది, ఆ ఉప్పే పెచ్చులు లేపుతోంది. అరిగితే జాయింట్ అరగాలి, ఇటుక కాదు.

సిమెంట్‌ని సన్నటి ఉలితో చేత్తోనే తీయించండి. నేను ఆత్రపడి ఒకసారి గ్రైండర్ పెట్టాను, ఇటుక అంచుల మీద ఆ కోతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. తీసే లోతు జాయింట్ వెడల్పుకి కనీసం రెండింతలు ఉండాలి. దుమ్ము దులిపి, తడిపి, 1 పాలు సున్నానికి 3 పాళ్లు గరుకు ఇసుక కలిపి గట్టిగా కూరాలి.

ప్రశ్న అడిగినవారు:
తర్వాత నీళ్లు కొట్టాలా?

జవాబు:
ధారగా వద్దు. వారం పాటు తడి గోనెపట్టాలు కప్పండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరగా ఆరితే పొడిగానే మిగులుతుంది.

ఇంకొకరు:
సిమెంట్ ఇటుక అంచుతో సహా ఊడొస్తుంటే అక్కడ ఆపేయండి. ముందు ఒక మూల గజం మేర చేసి చూసుకోండి.