సెల్లార్‌లో బంపర్ గీత: ఆఖరి మాట కట్టేవాడిదా, కారు ఓనర్‌దా?

నల్లకుంట_రవి:
కేసు ఇదీ. సెల్లార్‌లో రివర్స్ తీస్తూ ఒకాయన పక్క కారు వెనక బంపర్ మూల గీకాడు. ఎవరూ చూడకపోయినా వైపర్ కింద ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు రాసి పెట్టాడు. మర్నాడు ఓనర్ షోరూం ఎస్టిమేట్ పంపాడు: కొత్త బంపర్, పెయింట్, లేబర్. గీత జానెడు కూడా లేదు. న్యాయమేనా?

టింకరింగ్_మాస్టర్:
ముందు లోతు చూడండి. తడిగుడ్డతో మురికి తుడవండి, మిగిలినదాంట్లో కొంత చాలాసార్లు గీకిన కారు రంగు అంటుకున్నదే. తర్వాత గీతకి అడ్డంగా గోరు లాగండి. గోరు పట్టకపోతే దెబ్బ క్లియర్ కోట్‌లోనే, అంటే రంగు మీదుండే పారదర్శక పొరలోనే ఆగింది. రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన పాలిష్ చాలు. ఎక్కువ రుద్దొద్దు, ఆ పొర మందం 40–50 మైక్రాన్లే. గోరు పట్టి అడుగున నల్ల ప్లాస్టిక్ కనపడితే పెయింట్ తప్పదు. బంపర్ మార్చడమంటారా, చీలినప్పుడో, క్లిప్పులు పట్టే చెవులు విరిగినప్పుడో.

సుజాత_కూకట్‌పల్లి:
గోరు పట్టకపోతే సరే. పట్టిందనుకోండి, మెటాలిక్ సిల్వరో పెర్ల్ వైటో అయితే మూల వరకే కొట్టిన పెయింట్ ఎండలో మచ్చలా తెలిసిపోతుంది. బంపర్ మొత్తం కొట్టాలి. కింద ప్లాస్టిక్ ప్రైమర్ వెయ్యని షెడ్డులో చేయిస్తే ప్రెషర్ వాష్‌కి పెచ్చులు లేస్తాయి. పార్కింగ్ సెన్సర్ల మీద పెయింట్ మందంగా పడితే తప్పుడు బీప్‌లు మొదలవుతాయి.

కిరణ్_విజయవాడ:
ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేసుకోమనండి.

సుజాత_కూకట్‌పల్లి:
ఎవరి క్లెయిమ్? ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టం) ప్రీమియం మీద నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యని ఏళ్లకి ఇచ్చే తగ్గింపు, 20 శాతంతో మొదలై 50 దాకా వెళ్తుంది. ఆ బోనస్‌ని కాపాడే ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే ఒక్క క్లెయిమ్‌తో సున్నా. 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, దాటితే 2000. జీరో డెప్ (తరుగుదల కొయ్యని యాడ్ ఆన్) లేకపోతే ప్లాస్టిక్ భాగానికి సగమే ఇస్తారు. వేరేవాళ్లు గీకితే కారు ఓనర్ తన బోనస్ ఎందుకు పోగొట్టుకోవాలి?

కిరణ్_విజయవాడ:
అయితే గీకినాయన థర్డ్ పార్టీ పాలసీ, ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది?

టింకరింగ్_మాస్టర్:
ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. కంపెనీ ఊరికే ఇవ్వనంటే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. ఒక గీతకి అంత తిరుగుడు ఎవరు తిరుగుతారు?

నల్లకుంట_రవి:
ఆ బంపర్ మీద పాత గీతలు కూడా ఉన్నాయి.

సుజాత_కూకట్‌పల్లి:
అవి ఉంచుకోవడం ఓనర్ ఇష్టం. కొత్త గీత ఆయన ఇష్టంతో పడలేదు.

టింకరింగ్_మాస్టర్:
పాత గీతల ఖర్చు కూడా గీకినాయన నెత్తిన వేస్తారా? డబ్బిచ్చేవాడికి ఎక్కడ చేయించాలో చెప్పే హక్కు ఉంది. మంచి బేక్ బూత్ (పెయింట్‌ని వేడితో ఆరబెట్టే గది) ఉన్న బయటి షెడ్డులో అదే పని షోరూం కంటే తక్కువకి వస్తుంది.

సుజాత_కూకట్‌పల్లి:
లేదండీ, ఆ హక్కు లేదు. కారు ఎవరిదో షెడ్డు ఎంపిక వాళ్లదే. మీ షెడ్డులో పెచ్చులు లేస్తే మళ్లీ ఎవరు తిరగాలి?

నల్లకుంట_రవి:
సరే, మనసులో మాట చెప్తాను. చీటీ పెట్టకుండా వెళ్లిపోయి ఉంటే రూపాయి ఖర్చయ్యేది కాదు. నిజాయితీగా ఉన్నవాణ్ణి ఇలా పిండితే రేపు ఆ సెల్లార్‌లో చీటీ పెట్టేదెవరు?

సుజాత_కూకట్‌పల్లి:
ఇదా అసలు సంగతి! చీటీ పెట్టినందుకు ఓనర్ థాంక్స్ చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. దాన్ని చూపించి బిల్లు తగ్గించమనడం మాత్రం కుదరదు.

కిరణ్_విజయవాడ:
మా సెల్లార్‌లో డోర్లకి సొట్టలు పెట్టి ఒక్కరూ చీటీ పెట్టరు. ఈయన వెయ్యిరెట్లు నయం.

టింకరింగ్_మాస్టర్:
రవి గారూ, ఎస్టిమేట్‌లో బంపర్ మార్పు, పెయింట్ విడివిడిగా రాయించండి. మార్పు మాట బంపర్ విప్పి చెవులు చూశాకే, విప్పేటప్పుడు గీకినాయన్ని అక్కడ ఉండమనండి. చెవులు బాగుంటే పెయింట్ డబ్బే కట్టమనండి.

సుజాత_కూకట్‌పల్లి:
దానికి ఒప్పుకుంటాను. షెడ్డు మాత్రం ఓనర్ చెప్పిందే.

టింకరింగ్_మాస్టర్:
అక్కడ నేను ఒప్పుకోను.