జనాభా లెక్కల్లో వలసెల్లినోళ్లని ఎక్కడ లెక్కేస్తారు? అసెంబ్లీ సీట్లు దాన్ని బట్టేనా?

మాది సోంపేట దగ్గరండి, ఊళ్లో కుర్రోళ్లు చాలామంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఓట్లు మాత్రం ఇక్కడే, ఎలక్షన్‌కి బస్సులెక్కొచ్చి మరీ వేస్తారు. 2001 జనాభా లెక్కలతో చేసిన డీలిమిటేషన్‌లో (అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడంలో) శ్రీకాకుళం జిల్లా 12 అసెంబ్లీ సీట్ల నుంచి 10కి, విజయనగరం 12 నుంచి 9కి పడిపోయాయి, విశాఖేమో 13 నుంచి 15కి పెరిగింది, మా సోంపేట సీటు అసలు లేకుండానే పోయింది.

అమెరికాలో సిటిజన్ కాకపోయినా సెన్సస్‌లో లెక్కేసి ఆ లెక్కమీదే 435 హౌస్ (వాళ్ల పార్లమెంటు దిగువ సభ) సీట్లు రాష్ట్రాలకి పంచుతారు, అంటే ఓటే లేని మా బావ వల్ల న్యూజెర్సీకి లాభం, ఇదేదో బాగుంది! మరి మన దగ్గర ఏటి పద్ధతి? 2027 లెక్కల్లో చెన్నైలో ఉన్నోణ్ణి అక్కడే రాసేస్తే, ఓటర్ కార్డు ఇక్కడున్నా మన సీట్ల లెక్కలోకి రాడా? కొన్నాళ్లు పనికెళ్లి తిరిగొచ్చేవాళ్ల సంగతేటి, ఇంట్లోవాళ్లు పేరు చెప్తే రాసుకుంటారా? ఎన్యూమరేటర్‌గా (ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసే పని) చేసిన టీచర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి బాబూ.