మా అవ్వను ‘వడుగ’ అని ఎందుకన్నారు?

అందరికీ నమస్కారం. మాది పుత్తూరు. మా అవ్వ పుట్టినిల్లు తిరుత్తణి. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళట, పక్కింటి తమిళవాళ్ళు మాత్రం వాళ్ళను ‘వడుగ’ అనేవాళ్ళట. మనకు వడుగు అంటే ఉపనయనం కదా. భాగవతంలో బలి కూడా వామనుణ్ణి ‘వడుగా’ అనే పిలుస్తాడు. మా ఇంట్లో జంధ్యాలే లేవు. మరి ఆ పేరెట్లా వచ్చింది?

జవాబు: అమ్మా, అవి రెండూ వేరే మాటలు. పోతన వడుగు సంస్కృత ‘వటువు’. అవ్వ విన్నది తమిళ ‘వడ’, అంటే ఉత్తరం. వడుగర్ అంటే ఉత్తరాదివాళ్ళు, ముఖ్యంగా మనమే. తమిళనాట వడుగపట్టి అని ఊళ్ళు కూడా ఉన్నాయి. కన్నడలో ఇదే మాట ‘బడగ’. నీలగిరుల్లోని బడగలకు ఆ పేరు మైసూరు వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి, వెళ్ళినందుకే.

దేనికి ఉత్తరం అంటే, మన కొండకు. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం, దాని పాయిరం, అంటే ముందుమాట, తమిళం పలికే నేలకు పై హద్దుగా ‘వడ వేంగడం’ అని చెబుతుంది. ఆ వేంగడం మన తిరుమల కొండలే. వేంగడం అవతలి సీమను ఒక సంగం పద్యం, అంటే ప్రాచీన తమిళ పద్యం, ‘మొళిపెయర్ తేయం’ అంది. భాష మారే దేశం అని. ఈ మాట చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇవాళ్టికీ రేణిగుంటలో బస్సెక్కి తిరుత్తణిలో దిగేలోపు చుట్టూ వినబడే భాష మారిపోతుంది.

ఇంకో సభ్యుడు: అయితే సార్, తిరుపతి వాళ్ళదే అని ఒప్పుకున్నట్టేనా?

జవాబు: లేదు నాయనా. హద్దురాయి రెండు పొలాలకూ చెందుతుంది. ‘ఎల్ల’ అనే మాటే చూడు, తమిళంలో ‘ఎల్లై’. గీత మాత్రం మనుషులు గీసిందే. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ జిల్లాను తమిళంలో ‘వడ ఆర్కాడు’ అంటారు, అక్కడా అదే ‘వడ’. ఆ ఏడు ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగవులో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల మీద 1960లో, మళ్ళీ ఏప్రిల్ 1నే, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఇటొచ్చాయి. అవ్వ పుట్టినిల్లు ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారింది.

పుత్తూరు సభ్యురాలు: ఇదంతా అవ్వకు చదివి వినిపించాను సార్. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో వీధిలోవాళ్ళు తనను ‘అరవామె’ అనేవాళ్ళట.