ఆత్మీయ ఆకలి చచ్చిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. నేను బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. మొదట్లో బైబిల్ తెరిస్తే మూయబుద్ధయ్యేది కాదు. ఇప్పుడూ చదువుతాను, ప్రార్థిస్తాను, ఆరాధన మానను, కానీ లోపల ఏమీ కదలదు. మత్తయి 5:6లో నీతికోసం ఆకలిదప్పులు గలవారు ధన్యులని ఉంది కదా, నాకు ఆ ఆకలే లేదు. ప్రకటన గ్రంథంలో ప్రభువు మందలించిన లవొదికయ సంఘంలా నులివెచ్చగా అయిపోయానేమోనని టెన్షన్. ఈ దశ దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా? "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అని మాత్రం అనకండి, అది చాలాసార్లు విన్నాను.

జవాబు 1:
బ్రదర్, ప్రకటన 3:17 మళ్లీ చూడండి. లవొదికయవాళ్లు మాకేం కొదువలేదు అనుకున్నారు. మీరేమో కొదువుందని బాధపడుతున్నారు, రెండూ ఒకటెలా అవుతాయి? 42వ కీర్తనలో దుప్పి నీటివాగుల కోసం ఆశపడే మాట మనం హాయిగా పాడేస్తాం గానీ, ఆ దుప్పికి ఇంకా నీళ్లు దొరకలేదండీ. ఆ కీర్తన పాడేవాడికి రాత్రింబగళ్లు కన్నీళ్లే అన్నం, జనంతో కలిసి మందిరానికి వెళ్లిన పాత రోజులు తలుచుకుంటాడు, నా ప్రాణమా ఎందుకు కుంగిపోయావు అని తనని తానే అడుగుతాడు. 42లో రెండుసార్లు, 43లో ఇంకోసారి అదే ప్రశ్న.

జవాబు 2:
కొంచెం కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. మీరు చెప్పిన మత్తయి 5:6లో ఉన్నది నీతికోసం ఆకలి, అనుభూతికోసం కాదు. పాటల్లో కన్నీళ్లు రావట్లేదని నేను మూడేళ్లు కుమిలిపోయాను, ఆ మూడేళ్లూ మా తమ్ముడితో మాటల్లేవు (ఆస్తి గొడవ, తప్పు ఎక్కువ నాదే). అర్పణ బలిపీఠం ముందే వదిలి వెళ్లి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట కూడా అదే అధ్యాయంలో ఉంది, 23, 24 వచనాలు. ఫోన్ చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. చేశాక కన్నీళ్లేం తిరిగి రాలేదు, కానీ ప్రార్థనలో ఏదో దాస్తున్నానన్న బరువు పోయింది.

జవాబు 3:
అన్న చెప్పింది నిజమే గానీ ప్రతి ఎండుదనం వెనకా దాచిన పాపమే ఉందనుకుంటే మనిషి నలిగిపోతాడు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని పడుకుంటే దేవదూత మందలించలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడటం ఆ తర్వాతే. తమ్ముడూ, సరిగ్గా నిద్రపోతున్నావా?

ప్రశ్న అడిగిన వ్యక్తి:
లేదక్కా, ఆరు నెలలుగా నైట్ షిఫ్టులే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు. అన్నా, మీరు చెప్పింది చదివాక నాకూ ఒకరు గుర్తొచ్చారు, ఇప్పుడే ఫోన్ చేస్తానని మాత్రం చెప్పలేను. 42, 43 కీర్తనలు ఈ రాత్రి కలిపి చదువుతాను.