అప్‌డేట్: డ్రిప్ సబ్సిడీ దరఖాస్తు ఎందుకు తిరిగొచ్చిందో తెలిసింది

అనంతపురం జిల్లాలో మా నాన్న మూడెకరాల చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్ (బిందు సేద్యం) సబ్సిడీ దరఖాస్తు పెడితే "భూమి వివరాలు సరిపోలడం లేదు" అని తిరిగొచ్చిందని అడిగాను కదా, అది పరిష్కారమైంది. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

రీసర్వే (ప్రభుత్వం భూముల్ని మళ్లీ కొలవడం) సంగతి చూసుకోమని ఇక్కడ ఒకరు చెప్పిన మాటే నిజమైంది. రీసర్వే తర్వాత మా పాత సర్వే నంబర్ పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్ వచ్చింది. మేమేమో పాత పాసుపుస్తకం జిరాక్స్ పెట్టాం. రైతు సేవా కేంద్రంలో కొత్త 1బి (భూమి హక్కుల రికార్డు) తీసి, మా పాత జిరాక్స్‌తో పక్కపక్కన పెట్టి చూపించారు. నంబరే కాదు, విస్తీర్ణంలోనూ మూడు సెంట్ల తేడా ఉంది! కొత్త వివరాలతో మళ్లీ పెడితే ఆమోదం వచ్చింది.

బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ లేదేమోనని నాన్న రెండు రోజులు ఎండలో తిరిగారు. పాపం, దాని అవసరమే లేదు. సబ్సిడీ డబ్బు పరికరాలు బిగించే కంపెనీకే వెళ్తుంది, రైతు తన వాటా కడితే చాలు. చిన్నకారు రైతు కాబట్టి మాకు 90 శాతం సబ్సిడీ వర్తించింది. ఒకసారి సబ్సిడీ తీసుకున్న భూమికి మళ్లీ కావాలంటే ఏడేళ్లు ఆగాలన్న నిబంధన కూడా మాకు అడ్డు రాలేదు, ఇదే మొదటిసారి.

నిన్న సాయంత్రం బోరు మోటారు వేసి డ్రిప్‌కు నీళ్లు వదిలాం. ప్రతి చెట్టు మొదట్లో మూరెడు మేర మట్టి నల్లబడింది. నాన్న వంగి, వేలు గుచ్చి తడి చూసుకుంటూ చివరి సాలు దాకా నడిచారు.