అప్‌డేట్: శాసనసభ్యుల లేఖలోని కావేరి నీటి సంగతి

మా శాసనసభ్యుల కార్యాలయం పంపిన లేఖలో ఉగాది సభ, కంటి పరీక్షల శిబిరంతో పాటు కావేరి కనెక్షన్ల ప్రస్తావన ఉందనీ, బెంగళూరు శివారులోని మా అపార్టుమెంటువాళ్లం ఎవరిని కలవాలనీ లోగడ అడిగాను. దారి చూపిన వారందరికీ కృతజ్ఞతలు.

మా తెలుగు కుటుంబాలూ, కన్నడ, తమిళ ఇరుగుపొరుగువారూ కలిసి శాసనసభ్యుల సమావేశానికి వెళ్లాం. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం 2024 అక్టోబరులో ప్రారంభమైన కావేరి నీటి సరఫరా పథకం ఐదో దశ సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లైనా, నివాసుల సంఘం బెంగళూరు నీటి సరఫరా సంస్థ అయిన జలమండలికి దరఖాస్తు చేసి, రుసుము చెల్లిస్తే తప్ప ఆ నీరు మన సంపులోకి రాదని అక్కడ స్పష్టమైంది. కనెక్షన్ మంజూరు చేయడం శాసనసభ్యుల పని కాదు. పైపు పడని వీధుల గురించి అధికారులను నిలదీయడం మాత్రం వారు చేయగలరు, చేస్తామన్నారు కూడా. 2020లో కార్పొరేటర్ల పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగని ఈ నగరంలో ఆ మాటకు చాలా విలువ ఉందని నా అభిప్రాయం.

ఉగాది సభకు పచ్చడి బాధ్యత మా వాళ్లే తీసుకున్నారు. సంఘం తీర్మానం పూర్తయింది. ఆస్తి పన్ను రసీదులు, భవన ప్లాను జతచేసి దరఖాస్తు ఇస్తున్నాం.