మూడో రోజుకి బ్యాటరీ డౌన్: 2005 మారుతీ 800, విజయనగరం

గంటస్తంభం_800:
నాన్నగారి బండి, అమ్మబుద్ధి కావట్లేదు. ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. రోజూ తీస్తే ఏ గొడవా లేదు. రెండు రోజులు ఇంటిముందు ఉంచితే మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అనడమే. వీధిలో కుర్రాళ్లు తోస్తే గానీ కదలదు, వాళ్లకి ఇదో ఆటైపోయింది. బ్యాటరీ అమ్మినాయన ఇప్పటికి మూడుసార్లు చార్జింగ్ పెట్టి ఇచ్చాడు. మెకానిక్ ఏమో సెల్ఫ్ మోటారు మార్చమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

చీపురుపల్లి చిన్నోడు:
సింపుల్ అన్నా. ఇంజిన్ ఆన్‌లో ఉండగా నెగటివ్ టెర్మినల్ పీకెయ్. బండి ఆగకపోతే డైనమా బాగున్నట్టే.

నాగావళి మీటరు:
ఆ పని మాత్రం చెయ్యకండి బాబూ. నడుస్తున్న ఇంజిన్ నుంచి బ్యాటరీ తప్పిస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటర్ (చిన్నోడు డైనమా అన్నది ఇదే, ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జి చేసేది) లోపలి డయోడ్లు పోవచ్చు. మీది ఎంపీఎఫ్ఐ బండి, అంటే ఇంజిన్‌కి పెట్రోలు కొలిచి పంపేది ఓ చిన్న కంప్యూటర్. అది కూడా పోతే బ్యాటరీ ఖర్చు చిన్నదనిపిస్తుంది.

ఒక డిజిటల్ మల్టీమీటరు కొనుక్కోండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, తలుపు కూడా తియ్యకముందు, బ్యాటరీ మీద ఎంతుందో చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టులు. 12.2 అంటే సగం. తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకి పడుతుందో చూడండి, 10కి కాస్త అటూఇటూ ఆగాలి. ఆఖర్న ఇంజిన్ ఆన్ చేసి లైట్లు, బ్లోయరు వేసి, కాస్త రేజ్ చేసి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి. అంకెలు పెట్టండి, తర్వాత మాట్లాడదాం.

కళింగపట్నం కెరటం:
మాస్టారు చెప్పినవి చూసేముందు ఎర్త్ చూడండి. మాది సముద్రం పక్క ఊరు, ఏ ఇనుమూ నిలవదు. నా పాత జెన్ కారుకి బ్యాటరీ మార్చాను, సెల్ఫ్ మార్చాను, చివరికి చూస్తే బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ పచ్చగా పాచి పట్టినట్టు ఉంది. పైకి బోల్టు బిగుతుగానే ఉంది మరి! మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే అక్కడే తినేస్తోందన్నమాట. నాకు 1.8 చూపించింది. టెర్మినళ్లు వంటసోడా కలిపిన వేణ్నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాస్తే చాలు.

గంటస్తంభం_800:
మీటరు కొన్నాను. ఒక్క రాత్రి ఆగాక 12.15. సెల్ఫ్ కొడితే 9.1. ఇంజిన్ ఆన్‌లో 13.3, లైట్లు, బ్లోయరు వేస్తే 12.5, రేజ్ చేసినా పెద్దగా పెరగట్లేదు. ఎర్త్ దగ్గర 0.2 మాత్రమే. ఇంకొకటి, దీనికి సంబంధం ఉందో లేదో: రేడియోలో ఈమధ్య కీచుమని ఒక రొద, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా కీచుగా మారుతుంది.

నాగావళి మీటరు:
సంబంధం ఉంది! ఆ రొద గుర్తుపెట్టుకోండి.

సగం చార్జి ఉన్న బ్యాటరీ సెల్ఫ్‌కి 9.1కి పడటం వింత కాదు. అది చూసి బ్యాటరీనో సెల్ఫ్ మోటారునో తిట్టకండి. మీకు రెండు బాధలు: చార్జింగ్ తక్కువ, పైగా రాత్రిపూట కరెంటు ఎటో కారుతోంది. బండి తాళంచెవి బయటికి తీసేసి, నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌తో పెట్టండి. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే.

పలాస పాతబండి:
నాకు 400 వచ్చేది, డిక్కీ లైటు ఆరకపోవడం వల్ల. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసి కనిపెట్టాను. నవ్వకండి.

గంటస్తంభం_800:
290 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాను, అంకె కదల్లేదు. డిక్కీ లైటు నా దాంట్లో లేనేలేదు.

నాగావళి మీటరు:
ఫ్యూజు పెట్టెలో దొరకలేదంటే ఆ పెట్టె గుండా రాని వైరు చూడాలి. ఆల్టర్నేటర్ వెనక మందపాటి వైరు, దాన్ని బి ప్లస్ అంటారు. నెగటివ్ విప్పాకే ఆ నట్టు తీసి, వైరు కొసకి టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టండి.

లెక్క చూడండి: 0.29 ఆంపియర్లు రోజుకి దాదాపు 7 ఆంపియర్ అవర్లు. మీ 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎప్పుడూ నిండనే నిండట్లేదు, రెండు రోజుల్లో 14 పోతే మూడో పొద్దునకి మిగిలేదేముంది?

గంటస్తంభం_800:
12 మిల్లీ ఆంపియర్లకి పడిపోయింది!! దొంగ దొరికాడు.

నాగావళి మీటరు:
ఆ దొంగ ఆల్టర్నేటర్ లోపలి డయోడ్ ప్లేట్. కరెంటుని ఒకవైపే పోనివ్వాల్సిన డయోడ్ లీకైతే, నడిచేటప్పుడు చార్జింగ్ తగ్గుతుంది, ఆగినప్పుడు వెనక్కి కారుతుంది. రేడియో రొద కూడా అదే. ఇంజిన్ ఆన్‌లో మీటరుని ఏసీ రేంజిలో బ్యాటరీ మీద పెడితే అర వోల్టుకి మించి రావచ్చు. కానీ ముందు ఇంజిన్ ఆపి చూడండి. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా లెక్కేసి ఇరవై ముప్ఫై చూపిస్తాయి. అలాంటిదైతే ఆ పరీక్ష నమ్మొద్దు.

చీపురుపల్లి చిన్నోడు:
సరే మాస్టారూ, ఇక పీకను. మా మామ లారీకి ఇలాగే చేసేవాడు, చూసి నేర్చుకున్నా.

గంటస్తంభం_800:
అప్డేట్. రింగ్‌రోడ్డు వైపు ఒక ముసలాయన దగ్గర ఆల్టర్నేటర్ విప్పించాను. డయోడ్ ప్లేట్ మార్చి, కార్బన్ బ్రష్‌లు అరిగాయని అవీ వేశాడు. "బేట్రీ ఏటి సేసింది బావూ, దాన్ని తిట్టేసినావు" అన్నాడు. బ్యాటరీ ధరలో సగం కూడా కాలేదు. ఇప్పుడు లైట్లు వేసినా 14.1, రొద లేదు. ఎక్స్ఛేంజిలో ఇచ్చేసిన మొదటి బ్యాటరీ తలుచుకుంటే మాత్రం కడుపు మండుతోంది.

బ్యాటరీని ఒక రాత్రంతా బయట చార్జరు మీద నిండుగా ఎక్కించాను. ఆదివారం సాయంత్రం ఇంటిముందు పెట్టాను. పైడితల్లి అమ్మవారి జాతర, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, మూడు లాంతర్ల చుట్టుపక్కల కారు తీసే ప్రశ్నే లేదు కదా. బుధవారం పొద్దున చూస్తే 12.55. ఒక్క తిప్పుకే అందుకుంది. తోయడానికి వచ్చి నిలబడ్డ కుర్రాళ్లు ఉసూరుమని వెనక్కెళ్లారు.